యాప్ అడిగిందల్లా ఇచ్చేస్తాం, అయితే ప్రైవసీ మనకు పట్టదనేనా?

డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 2023 ఆగస్టులో వచ్చింది. దాన్ని ఆచరణలో పెట్టే నియమాలు 2025 నవంబరులో గానీ రాలేదు. వచ్చాక కూడా కంపెనీలు పాటించాల్సిన ముఖ్యమైన బాధ్యతలకు 18 నెలల గడువిచ్చారు. అంటే 2027 మే దాకా ఆగాలి. ఇంత ఆలస్యమైనా జనంలో పెద్ద అలజడి లేదు. దాంతో చాలామంది ఒక నిర్ధారణకు వచ్చేస్తున్నారు: "ఈ ప్రైవసీ గొడవ లాయర్లదీ, సాఫ్ట్‌వేర్ వాళ్లదీ. మామూలు జనానికి దాంతో పనేముంది? ఏ యాప్ ఏది అడిగినా 'అలో' కొట్టేసి ముందుకెళ్లిపోతారు."

ఈ మాటలో సగం మన కళ్ల ముందు కనిపించేదే. మిగతా సగం మాత్రం నిలబడదని నా నమ్మకం. అయితే అవతలి వాదనలోనూ బలం ఉంది కాబట్టి, ముందు దాన్ని సరిగ్గా విని, తర్వాత విడదీసి చూద్దాం.

కోర్టుకెక్కిన పాత వాదన

"ప్రైవసీ ఉన్నవాళ్ల వ్యవహారం" అన్న మాట టీకొట్టు దగ్గరే ఆగలేదు, సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. కర్ణాటక హైకోర్టు మాజీ న్యాయమూర్తి కె.ఎస్. పుట్టస్వామి ఆధార్ మీద 2012లో పిటిషన్ వేశారు. ఆ కేసులో 2015లో కేంద్రం, రాజ్యాంగంలో గోప్యత అనే ప్రాథమిక హక్కే లేదని వాదించింది. 1954, 1962 నాటి పాత తీర్పులను ఆధారంగా చూపింది. ఆ తీర్పులిచ్చినవి ఎనిమిది మంది, ఆరుగురు జడ్జీల ధర్మాసనాలు. వాటిని తిరగదోడాలంటే అంతకంటే పెద్ద ధర్మాసనం కావాలి. అలా తొమ్మిది మంది కూర్చుని, 2017 ఆగస్టు 24న ఏకగ్రీవంగా గోప్యత ప్రాథమిక హక్కేనని తేల్చారు. ఇది ఉన్నత వర్గాల ఊహ మాత్రమేనన్న వాదననూ కొట్టేశారు. పేదలకు తిండి దొరికితే చాలు, హక్కులెందుకు అనే ధోరణి చరిత్రలో ఎన్ని ఘోరాలకు సాకుగా నిలిచిందో ఆ తీర్పులో గట్టిగానే రాశారు.

హక్కు ఉందని కోర్టు చెప్పింది సరే. దాన్ని జనం పట్టించుకుంటున్నారా అన్నది వేరే ప్రశ్న. దానికి జవాబు తీర్పుల్లో దొరకదు, జనం చేసే పనుల్లో వెతకాలి.

ఏ సమాచారం గురించి మాట్లాడుతున్నాం?

మన గురించి బయటికి పోయే సమాచారం మూడు రకాలు. పేరు, పుట్టినరోజు, ఫోన్ నంబర్ లాంటివి మనమే చెబుతాం. ఎక్కడెక్కడ తిరిగాం, ఏం వెతికాం, ఏ వీడియో దగ్గర ఎంతసేపు ఆగాం లాంటివి మనం చెప్పకుండానే నమోదైపోతాయి. ఈ రెండింటినీ కలిపి కంపెనీలు కట్టే అంచనా మూడోది: ఈమెకు పెళ్లి కుదిరినట్టుంది, ఈయన అప్పు కోసం చూస్తున్నట్టున్నాడు. మనలో ఎక్కువమందికి తెలిసింది మొదటి రకం, కంపెనీలకు ఎక్కువ పనికొచ్చేది మూడోది.

ఇంకో తేడా కూడా గుర్తుంచుకోవాలి. ఓటీపీ కొట్టేసి డబ్బు లాగేయడం భద్రతకు సంబంధించిన సమస్య. డబ్బేమీ పోకపోయినా, ఒకచోట చెప్పిన విషయం మనకు తెలియకుండా ఇంకోచోటికి చేరడం గోప్యతకు సంబంధించిన సమస్య. నిజ జీవితంలో రెండోది చాలాసార్లు మొదటిదానికి దారి తీస్తుంది.

"పట్టదు" అనేవాళ్ల ఆధారాలు

ఈ వాదన చేసేవాళ్లు గాలిలో మాట్లాడటం లేదు. ప్యూ పరిశోధన సంస్థ 2019లో అమెరికాలో చేసిన సర్వేలో 81 శాతం మంది, కంపెనీలు డేటా సేకరించడం వల్ల లాభం కంటే ముప్పే ఎక్కువన్నారు. మరి వాళ్లంతా సోషల్ మీడియా మానేశారా అంటే లేదు. పైకి భయం చెబుతూ, చేతల్లో అన్నీ ఇచ్చేసే ఈ తీరును పరిశోధకులు 'ప్రైవసీ పారడాక్స్' అంటున్నారు. ఈ మాట ఇరవయ్యేళ్లకు పైగా వాడుకలో ఉంది.

చదువుకున్నవాళ్లు వేరేగా ఉంటారనుకోనక్కర్లేదు. అమెరికాలోని ఎంఐటీ విద్యార్థులకు బిట్‌కాయిన్లు పంచిన ఒక కార్యక్రమంలో, పరిశోధకులు వాళ్ల స్నేహితుల ఈమెయిల్ చిరునామాలు అడిగి చూశారు. ఊరికే అడిగితే కొందరు వెనకాడారు. పిజ్జా ఇస్తామనేసరికి ఇచ్చినవాళ్లు బాగా పెరిగారు.

మన దగ్గరి ఉదాహరణ వాట్సాప్. 2021 జనవరిలో కొత్త ప్రైవసీ పాలసీకి ఫిబ్రవరి 8లోగా ఒప్పుకోవాలని అది సందేశం పెట్టింది. ఎంత గొడవైందో గుర్తుండే ఉంటుంది. సిగ్నల్, టెలిగ్రామ్ డౌన్‌లోడ్లు ఒక్కసారిగా పెరిగాయి. ఫ్యామిలీ గ్రూపుల్లో "అందరం సిగ్నల్‌కి మారిపోదాం" అన్న మెసేజీలు తిరిగాయి. వాట్సాప్ మన పత్రికల్లో పేజీ నిండా ప్రకటనలిచ్చుకుని, గడువును మే 15కు జరిపింది. ఆ తర్వాత? సిగ్నల్‌లో గ్రూపు పెట్టినవాళ్లు కూడా కొన్నాళ్లకు వాట్సాప్‌లోనే గుడ్ మార్నింగులు చెప్పుకున్నారు.

వీటన్నిటినీ చూసి ఆర్థికవేత్తలు కొందరు చెప్పేది సూటిగా ఉంటుంది: జనం మాటల్ని బట్టి కాదు, చేతల్ని బట్టి చూడండి. ఉచితంగా మ్యాపులు, వీడియోలు, మెసేజీలు వస్తున్నాయి, బదులుగా ప్రకటనలు చూస్తున్నాం. నెలకు డబ్బు కట్టమంటే పెట్టలేని కుటుంబాలకు ఇది నిజంగానే మేలైన బేరం. ఈ మాటను తేలిగ్గా తీసిపారేయలేం. రీచార్జ్‌కే ఆలోచించే ఇంట్లో, యూట్యూబ్ పాఠాలతో డీఎస్సీకి చదువుకునే అమ్మాయికి ఆ ఉచితం విలువేంటో ఆమెకే తెలుసు.

రెండు డాలర్ల ప్రయోగం

అయితే చేతల్ని బట్టి చూడమన్నప్పుడు, ఆ చేతలు ఏ పరిస్థితిలో చేసినవో కూడా చూడాలి కదా. అలెస్సాండ్రో అక్విస్టీ, మరో ఇద్దరు పరిశోధకులు అమెరికాలోని ఒక షాపింగ్ మాల్‌లో చేసిన ప్రయోగం దీన్ని చక్కగా చూపిస్తుంది. ఫలితాలు 2013లో వచ్చాయి.

వాళ్ల దగ్గర రెండు రకాల గిఫ్ట్ కార్డులున్నాయి. ఒకటి 10 డాలర్లది, దాంతో ఏం కొన్నా కొన్నవాళ్ల పేరుతో ముడిపడదు. రెండోది 12 డాలర్లది, కొన్నవన్నీ పేరుతో సహా నమోదవుతాయి. కొందరికి ముందు 10 డాలర్ల కార్డు చేతికిచ్చి, 12 డాలర్లదానికి మార్చుకుంటారా అని అడిగారు. సగానికి పైగా వద్దన్నారు, అంటే గోప్యత కోసం రెండు డాలర్లు వదులుకున్నారు. ఇంకొందరికి ముందే 12 డాలర్ల కార్డిచ్చి, పేరు బయటపడని 10 డాలర్లదానికి మార్చుకుంటారా అన్నారు. మార్చుకున్నది పదిమందిలో దాదాపు ఒక్కరే.

కార్డులు అవే, మాల్ అదే, రెండు డాలర్ల తేడా కూడా అదే. మారింది చేతిలో ముందు ఏది ఉందన్నదే. గోప్యత తమదిగా ఉన్నవాళ్లు దాన్ని కాపాడుకున్నారు, ముందే పోయినవాళ్లు డబ్బిచ్చి తిరిగి కొనుక్కోలేదు. ఇప్పుడు ఫోన్ సెట్టింగ్స్ తీసి చూడండి. చాలా యాప్‌లలో సేకరణ ముందే ఆన్ అయి ఉంటుంది, ఆపడానికి మూడు నాలుగు మెట్లు దిగాలి. అంటే మనందరి చేతిలో ముందే పెట్టింది ఆ 12 డాలర్ల కార్డు. దాన్ని మార్చుకోలేదని మనకు పట్టదనేయడం న్యాయం కాదనిపిస్తుంది.

బిల్లు కౌంటర్ దగ్గర ఏం జరుగుతుంది

సాయంత్రం ఆరున్నర, సూపర్ మార్కెట్‌లో బిల్లు వేయించుకుంటున్నారు. బియ్యం, నూనె, చంటిపిల్ల డైపర్లు, షుగర్ టెస్ట్ స్ట్రిప్పులు. కౌంటర్‌లో అమ్మాయి తలెత్తకుండానే "ఫోన్ నంబర్ చెప్పండి సార్" అంటుంది. వెనక నలుగురున్నారు. "ఎందుకమ్మా?" అంటే "సిస్టమ్ తీసుకోదు సార్" అంటుంది. ఆమె చేతిలోనూ ఏం లేదు. ఎనిమిదో అంకె దగ్గరికి వచ్చేసరికి వెనకాయన కూడా మన నంబర్ వినేస్తాడు.

నంబర్ చెప్పనక్కర్లేదు. బిల్లు కోసం మొబైల్ నంబర్ ఇచ్చి తీరాలని పట్టుబట్టొద్దని కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2023 మేలో దుకాణాలకు చెప్పింది. అయినా చెబుతాం, వాదించే ఓపిక ఉండదు కాబట్టి.

చిక్కు ఎక్కడుందంటే, మనకు ఫోన్ నంబరే తాళంచెవి అయిపోయింది. బ్యాంకుకూ, ఆధార్‌కూ, గ్యాస్ బుకింగ్‌కూ, స్కూలు ఫీజుకూ అదే నంబర్. ఆ సరుకుల బిల్లును బట్టి ఇంట్లో ఏడాదిలోపు పాప ఉందనీ, ఎవరికో షుగర్ ఉందనీ తెలుస్తుంది. అదే నంబర్ ఇంకో చిట్టాలో బ్యాంకు పేరుతో, మరోదాంట్లో చిరునామాతో ఉంటే, మూడింటినీ కలపడానికి పెద్ద తెలివి అక్కర్లేదు. ఇలాంటి చిట్టాలు బజారులో తిరగడం ఊహ కాదు. 2023 ఏప్రిల్‌లో సైబరాబాద్ పోలీసులు పట్టుకున్న ఒక్క కేసులోనే 66.9 కోట్ల మంది వ్యక్తులు, సంస్థల వివరాలు అమ్మకానికి పెట్టినట్టు ప్రకటించారు. మన పేరు, మన బ్యాంకు పేరు ముందే తెలిసినవాడు ఫోన్ చేసి "సార్, మీ కార్డు బ్లాక్ అయింది" అంటే నమ్మేస్తున్నది ఇందుకే.

చదివి ఒప్పుకోవాలంటే ఎంత సేపు పడుతుంది?

"చదవకుండా ఒప్పుకున్నది మీరే కదా" అనడం తేలిక. కానీ కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2008లోనే లెక్క వేశారు: ఒక మనిషి తాను చూసే వెబ్‌సైట్ల ప్రైవసీ పాలసీలన్నీ చదవాలంటే ఏడాదికి 200 గంటలకు పైగా పడుతుంది. రోజూ అరగంటకు పైనే అన్నమాట. అది స్మార్ట్‌ఫోన్లు ఇంతగా రాకముందు, ఇంగ్లిష్ బాగా వచ్చినవాళ్ల లెక్క. నల్గొండలోనో నంద్యాలలోనో తెలుగు మాత్రమే చదవగలిగేవాళ్లకు ఎన్ని గంటలిచ్చినా ఆ పాలసీ అర్థం కాదు.

నోరా డ్రేపర్, జోసెఫ్ టూరో అనే పరిశోధకులు 2019లో దీనికి ఇంకో కోణం చూపించారు. జనానికి పట్టక కాదు, ఏం చేసినా ఆగదని చేతులెత్తేశారని వాళ్లు రాశారు. ఆ నిస్పృహ దానంతటదే వచ్చింది కాదనీ, అలా అనిపించేలా చేయడంలో కంపెనీల పాత్ర ఉందనీ అన్నారు. పైన చెప్పిన ప్యూ సర్వేలోనే 62 శాతం మంది, కంపెనీలు తమ డేటా తీసుకోకుండా రోజు గడవడం సాధ్యం కాదన్నారు. "ఇప్పుడు దాచి ఏం లాభం, అంతా పోయింది కదా" అని మన ఇళ్లలో వినిపించేదీ అదే.

మనవాళ్లు నిజంగా దాచుకునేది ఎవరి నుంచి?

నా దృష్టిలో అసలు విషయం ఇక్కడుంది. కంపెనీల నుంచి ఏం దాస్తున్నారని చూస్తే మామూలు జనం ఏమీ దాయనట్టే కనిపిస్తారు. చుట్టుపక్కలవాళ్ల నుంచి ఏం దాస్తున్నారో చూస్తే కథ మారిపోతుంది. లాస్ట్ సీన్ తీసేస్తారు, బ్లూ టిక్కులు ఆపేస్తారు. స్టేటస్ పెట్టేముందు అత్తవారి తరఫు నంబర్లన్నీ ఒక్కొక్కటిగా టిక్ కొట్టి పక్కన పెడతారు. పెళ్లి చూపుల కోసం పంపిన ఫొటోను "చూశాక డిలీట్ చేయండి వదినా" అని రెండుసార్లు గుర్తుచేస్తారు. జీతమెంతో సొంత తమ్ముడికి కూడా చెప్పరు.

నిత్య సాంబశివన్ బృందం భారత్, పాకిస్తాన్, బంగ్లాదేశ్ మహిళల ఫోన్ వాడకం మీద చేసిన పరిశోధన 2018లో వచ్చింది. ప్రైవసీ అనేది డబ్బున్న ఆడవాళ్ల సంగతి, మాకెందుకు అన్నవాళ్లు అందులో ఉన్నారు. కానీ వాళ్లే ఫోన్‌కు లాక్ పెట్టుకుంటున్నారు, వాట్సాప్‌కూ ఫొటోలకూ విడిగా యాప్ లాక్ వేసుకుంటున్నారు. ఫోన్ పిల్లలకో భర్తకో ఇచ్చేముందు ఫలానా మెసేజో, ఫలానా ఫొటోనో తీసేస్తున్నారు. ఫోన్ ఎవరైనా అడిగితే ఇవ్వనంటే ఇంట్లో అనుమానం వస్తుంది. అందుకే ఇస్తూనే దాచుకునే పద్ధతులు నేర్చుకున్నారు. ఇంత జాగ్రత్త పడేవాళ్లను "పట్టదు" అని ఎలా అంటాం?

కంపెనీలకు ఇది తెలియదనుకోవద్దు. భారత్‌లో చాలామంది ఆడవాళ్లు సొంత ఫొటో పెట్టడానికి భయపడుతున్నారని గమనించి, ఫేస్‌బుక్ 2017 జూన్‌లో ప్రొఫైల్ ఫొటోను ఎవరూ డౌన్‌లోడ్ చేసుకోకుండా కాపాడే సౌకర్యాన్ని తొలిసారిగా ఇక్కడే తెచ్చింది.

హెలెన్ నిస్సెన్‌బామ్ అనే తత్త్వవేత్త చెప్పినది దీనికి సరిపోతుంది: గోప్యత అంటే అంతా దాచేయడం కాదు, ఒక సందర్భంలో చెప్పింది ఆ సందర్భానికి తగినట్టే ఉండటం. డాక్టరుకు చెప్పింది డాక్టరు దగ్గర, బ్యాంకుకు చెప్పింది బ్యాంకు దగ్గర ఉంటే ఎవరికీ బాధ లేదు.

ఆ రెండు భయాలూ కలిసిన చోట: లోన్ యాప్‌లు

తెలిసినవాళ్ల ముందు పరువు పోతుందన్న భయం, దూరాన ఉన్న కంపెనీ చేతిలోని డేటా. ఈ రెండూ వేర్వేరు విషయాలని అనుకుంటూ వచ్చాం. 2020 చివరిలో తెలంగాణలో బయటపడ్డ లోన్ యాప్‌ల దారుణాలు ఆ గీతను చెరిపేశాయి.

పద్ధతి ఇలా ఉండేది. యాప్ వేసుకోగానే కాంటాక్టులు, ఫొటోలు చూసే అనుమతి అడుగుతుంది, ఇవ్వకపోతే అప్పు రాదు. ఐదు వేలు అడిగితే ఫీజు పేరుతో ముందే కోత పెట్టి మిగతాది వేస్తారు. వారం రోజుల్లో మొత్తం కట్టాలి. ఒక్క రోజు ఆలస్యమైతే కాంటాక్టుల్లో ఉన్న మేనత్తకూ, ఆఫీసులో మేనేజరుకూ, పిల్లాడి స్కూలు టీచరుకూ మెసేజీలు వెళ్తాయి, మార్ఫింగ్ చేసిన ఫొటోలతో సహా. ఆ అవమానం తట్టుకోలేక ప్రాణాలు తీసుకున్నవాళ్లున్నారు. 2020 డిసెంబరులో హైదరాబాద్, సైబరాబాద్ పోలీసులు వరుసగా అరెస్టులు చేశారు.

ఇక్కడ కాంటాక్టుల లిస్టు కంపెనీకి తాకట్టు వస్తువైంది. పైగా ఆ లిస్టులో ఉన్న మేనత్త ఏ యాప్‌కూ ఒప్పుకోలేదు. అప్పు తీసుకున్న మనిషి నొక్కిన ఒక్క 'అలో', రెండు మూడు వందల మంది తరఫున ఇచ్చిన ఒప్పుకోలు అయిపోయింది. అప్పిచ్చే యాప్‌లు కాంటాక్టులు, కాల్ లాగ్‌లు, ఫైళ్ల జోలికి పోకూడదని రిజర్వ్ బ్యాంక్ 2022 సెప్టెంబరులో ఆదేశించింది. గూగుల్ కూడా 2023 మే చివరి నుంచి ప్లే స్టోర్‌లోని లోన్ యాప్‌లకు కాంటాక్టులు, ఫొటోలు చూసే అనుమతిని తీసేసింది.

సూటిగా అడిగితే ఏమన్నారు?

2021 ఏప్రిల్‌లో యాపిల్ ఐఫోన్లలో ఒక మార్పు తెచ్చింది. ఒక యాప్ మిమ్మల్ని ఇతర యాప్‌లలో, వెబ్‌సైట్లలో వెంబడించాలంటే ముందుగా అడిగి తీరాలి. తెర మీద ఒక చిన్న ప్రశ్న, రెండు జవాబులు, వద్దన్నా యాప్ మామూలుగానే పనిచేస్తుంది. చాలామంది వద్దన్నారు. దెబ్బ ఎంత గట్టిగా తగిలిందంటే, 2022లో తమ రాబడికి సుమారు 1,000 కోట్ల డాలర్ల నష్టం రావచ్చని ఫేస్‌బుక్ మాతృసంస్థ మెటా ఆ ఏడాది ఫిబ్రవరిలో చెప్పుకుంది.

దీనికీ అభ్యంతరాలున్నాయి. 'ట్రాక్' అనే మాట పెట్టి అడిగితే ఎవరైనా వద్దంటారనీ, యాపిల్ తన సొంత ప్రకటనల వ్యాపారానికి ఇదే కొలత పెట్టలేదనీ విమర్శలొచ్చాయి. ఆన్‌లైన్ ప్రకటనల మీదే బతికే చిన్న దుకాణదారులు నష్టపోతారని మెటా వాదించింది. అవన్నీ పక్కన పెట్టినా ఒక సంగతి మిగులుతుంది: పని ఆగిపోదని తెలిసి, ఒక్క నొక్కుతో వద్దనే వీలుంటే జనం వద్దంటున్నారు. మాల్ ప్రయోగం, ఐఫోన్ ప్రశ్న రెండూ నాకు ఒకే మాట చెబుతున్నాయి. కాదంటే సేవే ఉండదన్న చోట నొక్కిన 'అలో' జనం మనసుకు కొలబద్ద కాదు.

అడగనే అడగని చోట్లు

ఇంకో వైపు, మన ఇష్టంతో పనిలేని వ్యవహారాలున్నాయి. పొలం రిజిస్ట్రేషన్‌కు వేలిముద్ర వేయనంటే కుదరదు. 2018లో పెద్దపల్లి జిల్లాలో సిమ్ కార్డులమ్మే ఒక వ్యక్తి, రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్ నుంచి భూమి దస్తావేజులు దించుకుని, వాటి మీది వేలిముద్రలతో రబ్బరు స్టాంపుల యంత్రంపై నకిలీ ముద్రలు తయారుచేశాడు. వాటితో ఆధార్ ధ్రువీకరణ చేయించి వేల సిమ్‌లు యాక్టివేట్ చేశాడు. ఆ రైతులు ఏ యాప్‌లోనూ ఏదీ నొక్కలేదు. పాస్‌వర్డ్ పోతే మార్చుకోవచ్చు, వేలిముద్ర మార్చుకోలేం. అందుకే ఆధార్‌లో బయోమెట్రిక్ లాక్ చేసుకునే వీలు పెట్టారు, కానీ అది మనమే వెళ్లి వేసుకోవాలి.

అంతకు ముందు ఏడాది, 2017 మేలో సెంటర్ ఫర్ ఇంటర్నెట్ అండ్ సొసైటీ అనే పరిశోధన సంస్థ నాలుగు ప్రభుత్వ పోర్టల్స్‌ను పరిశీలించి, 13 కోట్లకు పైగా ఆధార్ నంబర్లు బయటికి కనిపిస్తున్నాయని అంచనా వేసింది. ఆ నాలుగింటిలో రెండు ఆంధ్రప్రదేశ్‌వి: చంద్రన్న బీమా, ఉపాధి హామీ చెల్లింపుల సైట్లు. బీమా కావాలన్నా, ఉపాధి కూలి కావాలన్నా వివరాలివ్వాల్సిందే.

కొత్త చట్టంతో ఏది మారుతుంది, ఏది మారదు

చట్టం పూర్తిగా అమలైతే కొన్ని మంచి మార్పులున్నాయి. ఏ డేటా ఎందుకు తీసుకుంటున్నారో చెప్పే నోటీసును ఇంగ్లిష్‌తో పాటు రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులోని 22 భాషల్లో ఏదైనా ఎంచుకుని చదువుకునే వీలుండాలి, తెలుగులో కూడా. ఒప్పుకోవడం ఎంత తేలికో, ఆ ఒప్పుకోలును వెనక్కి తీసుకోవడమూ అంతే తేలికగా ఉండాలి. డేటాను కాపాడలేని సంస్థకు 250 కోట్ల రూపాయల దాకా జరిమానా పడొచ్చు.

కానీ ఆ జరిమానా డేటా పోగొట్టుకున్నవాళ్లకు రాదు, ప్రభుత్వ ఖజానాకు పోతుంది. ఐటీ చట్టంలో నష్టపరిహారం ఇప్పించే 43ఎ సెక్షన్‌ను కూడా ఈ చట్టం తీసేస్తుంది. దేశ భద్రత, శాంతిభద్రతల పేరుతో ప్రభుత్వం తన సంస్థలకు మినహాయింపు ఇచ్చుకోవచ్చు. దేశానికి ఆ వెసులుబాటు తప్పదని సమర్థించేవాళ్లు అంటారు, దానికి హద్దులు సరిగా గీయలేదని విమర్శించేవాళ్లు అంటారు. పైన చూసిన రిజిస్ట్రేషన్, బీమా ఉదాహరణల తర్వాత నా మొగ్గు రెండో వైపే.

వ్యక్తులు తమ సొంత, ఇంటి అవసరాల కోసం వాడుకునే డేటాకు ఈ చట్టం వర్తించదు. చట్టం ఇళ్లలోకి చొరబడకూడదు కాబట్టి ఆ మినహాయింపు సబబే. అయితే స్టేటస్ పెట్టేముందు నంబర్లు ఏరి పక్కన పెట్టే ఆడవాళ్ల భయం చాలావరకు ఆ గీతకు అవతలే ఉండిపోతుంది. బావగారి ఫోన్ నుంచి తన ఫొటో నాలుగు గ్రూపుల్లోకి పోయిందని తెలిస్తే, ఆమె ఈ చట్టం కింద ఫిర్యాదులు చూసే డేటా రక్షణ బోర్డుకు రాసి ప్రయోజనం ఉండదు. ఐటీ చట్టం కిందో, భారతీయ న్యాయ సంహిత కిందో పోలీసులకు ఫిర్యాదు చేసుకోవాలి, అదీ ఇంట్లో ఒప్పుకుంటే.